ఛాత్రోపాధ్యాయుల ప్రశ్నలకు రికార్డులో చోటేదీ?

బీఈడీలో చేరినవాళ్లు, అంటే ఛాత్రోపాధ్యాయులు, మొదటిసారి బడికి వెళ్లే ముందు రోజు ఏం అడుగుతారో గమనిస్తే, పాఠం గురించిన ప్రశ్నలు అందులో తక్కువే ఉంటాయి. పిల్లలు మా మాట వింటారా? తొమ్మిదో తరగతి మగపిల్లలు మాకన్నా పొడుగుంటే ఎలా? మధ్యలో పాఠం మర్చిపోతే ఏం చేయాలి? వాళ్లు అడిగినదానికి జవాబు తెలియకపోతే, తెలియదని చెప్పొచ్చా? వెనక బెంచీలో సార్ కూర్చుని రాసుకుంటూ ఉంటే టెన్షన్ రాదా? చీరే కట్టుకోవాలా, చుడీదార్ వేసుకోవచ్చా?

వీటికి కాలేజీలో సాధారణంగా దొరికే సమాధానం ఒకటే: "వెళ్లండి, నాలుగు రోజులైతే అదే అలవాటైపోతుంది." అలవాటవుతుంది, నిజమే. కానీ ఏది అలవాటవుతుందో చూడాలి. గట్టిగా అరిస్తే గది సద్దుమణుగుతుందని మొదటి వారంలో కనిపెట్టినవాళ్లకు అరవడం అలవాటవుతుంది. చురుకైన నలుగురు పిల్లల్నే అడుగుతూ పోతే పీరియడ్ సాఫీగా గడిచిపోతుందని తెలిసినవాళ్లకు ఆ నలుగురే కనిపిస్తారు, మిగతా ముప్పై మంది కనిపించరు. అదే అలవాటుతో ఉద్యోగంలో చేరి ముప్పై ఏళ్లు పాఠాలు చెప్తారు. అందుకే ఛాత్రోపాధ్యాయులు మొదట్లో అడిగే ప్రశ్నలను చిన్నవని తోసేయడం చాలా పెద్ద పొరపాటు.

అమెరికన్ పరిశోధకురాలు ఫ్రాన్సెస్ ఫుల్లర్ 1969లోనే ఈ ప్రశ్నలకు ఒక వరస ఉంటుందని గుర్తించారు. టీచరు కాబోయే మనిషి ఆలోచన ముందు తన చుట్టూ తిరుగుతుంది: నేను నిలబడగలనా, నన్ను ఒప్పుకుంటారా అని. తర్వాత పని మీదికి వెళ్తుంది: పాఠం టైముకి అవుతుందా, చార్టు వెనక బెంచీకి కనిపిస్తోందా అని. ఆఖరికి పిల్లల దగ్గరికి చేరుతుంది: వీళ్లకి ఏం అర్థమైంది అని. ఈ దారి నడవడానికి ఎవరికైనా సమయం పడుతుంది. అయితే మొదటి మెట్టు మీద భయం తీరనివాళ్లకు మూడో మెట్టు ఎక్కే తీరిక దొరకదు. చీర గురించి అడిగిన అమ్మాయికి సూటిగా సమాధానం చెప్పి, ఆ బడి ఎలా ఉంటుందో, హెడ్మాస్టర్ ఎలా మాట్లాడతారో ముందే చెప్తే, ఆ అమ్మాయి అంత త్వరగా పిల్లల వైపు చూడగలుగుతుంది.

విశాఖలో ఈ చదువుకి దారులు చాలానే ఉన్నాయి. ప్రైమరీ టీచర్లను తయారుచేసే డైట్ (జిల్లా విద్యా శిక్షణ సంస్థ) భీమునిపట్నంలో ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో విద్యా విభాగం ఉంది. నగరంలోనూ చుట్టుపక్కలా ప్రైవేటు బీఈడీ కాలేజీలు ఉన్నాయి. ఒకప్పుడు ఏడాదిలో అయిపోయే బీఈడీ, జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014లో తెచ్చిన నిబంధనలతో 2015 నుంచి రెండేళ్లయింది. అలా పెరిగిన ఏడాదిలో అన్నిటికన్నా విలువైంది బడిలో గడిపే కాలం, అంటే ఇంటర్న్‌షిప్. మొత్తం 20 వారాలు: మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. అంటే దాదాపు నాలుగు నెలలు ఒకే బడికి రోజూ వెళ్లి రావచ్చు. ఒక పిల్లవాడు జ్వరమొచ్చి మానేసి తిరిగి రావడం, ఒక పాఠం వాడికి జారిపోవడం, మళ్లీ అందుకోవడం కళ్లారా చూసేంత సమయం అది.

ఎదురుగా కూర్చుని చూసిన పని

డాక్టరు చదువులోకి వచ్చేవాళ్లు అంతకుముందు ఆపరేషన్ థియేటర్లో ఏళ్ల తరబడి కూర్చుని ఉండరు. టీచరు చదువులోకి వచ్చేవాళ్లు మాత్రం పదో తరగతి దాకా పదేళ్లు, ఇంటర్ రెండేళ్లు, డిగ్రీ మూడేళ్లు తరగతి గదిలోనే కూర్చుని వస్తారు. అమెరికన్ సామాజికశాస్త్రవేత్త డాన్ లోర్టీ 1975లో ఈ సంగతి ఎత్తిచూపారు. టీచరు పనిని అందరూ బెంచీలో కూర్చునే నేర్చుకుని ఉంటారు. కానీ బెంచీలోంచి కనిపించేది సగమే. సార్ ఏం చెప్పారో కనిపిస్తుంది. ముందు రోజు రాత్రి ఆయన ఏం ఆలోచించారో, ఆ ఉదాహరణే ఎందుకు ఎంచుకున్నారో, ఫలానా పిల్లవాణ్ణి కావాలనే ఎందుకు అడగలేదో కనిపించదు.

కాబట్టి మొదటి రోజు బోర్డు ముందు నిలబడ్డ ట్రైనీ నోట్లోంచి వచ్చేది చాలావరకు తన పాత మాస్టారి గొంతే. "అర్థమైందా? అర్థమైందా లేదా?" అని అడగడం, పిల్లలందరూ కోరస్‌గా "అర్థమైంది టీచర్" అనడం, ఆ జవాబు నమ్మి ముందుకు సాగిపోవడం కాలేజీ నేర్పింది కాదు. చిన్నప్పుడే ఒంటబట్టింది. దాన్ని మార్చాలంటే ముందు అది తన గొంతు కాదని తెలియాలి.

దానికోసం కాలేజీల్లో ఉన్న సాధనం సూక్ష్మ బోధన (మైక్రో టీచింగ్). 1960ల మొదట్లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన పద్ధతి ఇది. మన దేశంలో వాడే నమూనాలో ఒక చక్రానికి 36 నిమిషాలు: 6 నిమిషాలు పాఠం, 6 నిమిషాలు దాని మీద మాట, 12 నిమిషాల్లో పాఠాన్ని తిరిగి దిద్దుకోవడం, మళ్లీ 6 నిమిషాల పాఠం, మళ్లీ 6 నిమిషాల మాట. ప్రవేశ నైపుణ్యం (పాఠం మొదలుపెట్టడం), ప్రశ్నించే నైపుణ్యం, ఉద్దీపన వైవిధ్యం (పిల్లల దృష్టి చెదరకుండా గొంతు, కదలిక మారుస్తూ ఉండటం), నల్లబల్ల వాడకం అంటూ ఒక్కో నైపుణ్యాన్ని విడదీసి సాధన చేయిస్తారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాళ్లకు ఇది నిజంగా మేలు చేస్తుంది. లోపమల్లా ఒకటి. అక్కడ పిల్లలుగా కూర్చునేది ఇరవై రెండేళ్ల తోటి విద్యార్థులు. స్నేహితురాలికి ఇబ్బంది కలగకూడదని అడిగిన ప్రశ్నకి సరిగ్గా సరిపోయే జవాబే చెప్తారు. నిజమైన ఆరో తరగతిలో అలా జరగదు.

ఒకటి బై మూడు, ఒకటి బై నాలుగు

మత్స్యకారులుండే జాలారిపేట వైపు ఒక బడి అనుకుందాం. మధ్యాహ్న భోజనం తర్వాత పీరియడ్. పిల్లలు నిద్రమత్తులో ఉంటారు కాబట్టి ట్రైనీల వంతుకి తరచుగా వచ్చేది అదే. లెక్కల మెథడ్ తీసుకున్న అమ్మాయి భిన్నాలు చెప్తోంది. రాత్రి పదకొండు దాకా కూర్చుని రంగు కాగితాలతో వృత్తాలు కత్తిరించి చార్టుకి అతికించి తెచ్చింది. బోర్డు మీద 1/3, 1/4 రాసి "ఏది పెద్దది?" అని అడిగింది.

"ఒకటి బై నాలుగు" అని సగం తరగతి అరిచింది. మూడో బెంచీలో ఒక పిల్ల లేచి నిలబడి కారణం కూడా చెప్పింది: "మూడు కన్నా నాలుగు పెద్దది కదా టీచర్."

"తప్పు. కూర్చో. ఇంకెవరు చెప్తారు?"

ముందు బెంచీ అబ్బాయి "ఒకటి బై మూడు" అన్నాడు. "వెరీ గుడ్. అందరూ చప్పట్లు కొట్టండి." పాఠ్య పథకంలో తర్వాతి సోపానానికి వెళ్లిపోయింది. వెనక కూర్చున్న కాలేజీ పర్యవేక్షకుడు రాసుకున్నారు: ప్రశ్నించే నైపుణ్యం బాగుంది, పునర్బలనం (మెచ్చుకుని ప్రోత్సహించడం) బాగుంది, గొంతు ఇంకొంచెం పెంచాలి.

ఇందులో ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు. ట్రైనీ కష్టపడి తయారై వచ్చింది. పర్యవేక్షకుడు ఫారంలో ఉన్న గడులన్నీ నింపారు. అయినా ఆ తరగతిలో ఆ రోజు జరిగిన అసలు సంఘటన ఎవరి చేతికీ చిక్కకుండా పోయింది. మూడో బెంచీ పిల్ల చెప్పింది తప్పే, కానీ గుడ్డిగా చెప్పలేదు. ఒకటో తరగతి నుంచి బడి నేర్పిన నియమాన్నే వాడింది: మూడు కన్నా నాలుగు పెద్దది. మామూలు సంఖ్యల నియమాన్ని భిన్నాల మీదికి తీసుకురావడం ప్రపంచంలో ఎక్కడి పిల్లలైనా చేసే పనే. లెక్కల బోధన మీద పనిచేసేవాళ్లకి బాగా తెలిసిన విషయమిది. ఇక "ఒకటి బై మూడు" అన్న అబ్బాయికి భిన్నాలు వచ్చని ఏమిటి నమ్మకం? ఉన్నవే రెండు జవాబులు. ఒకటి తప్పని టీచరే చెప్పేశాక రెండోది చెప్పడానికి లెక్కలు రావాల్సిన పనిలేదు. చప్పట్లు ఎవరికి కొట్టినట్టు?

ఆ పిల్లకి ఈ లెక్క ఇంట్లో తెలుసు. వేట నుంచి వచ్చాక చేపలు అమ్మిన డబ్బులోంచి ఖర్చులు తీసేసి వాటాలు వేస్తారు. బోటుకి ఒక వాటా, వలకి ఒక వాటా, ఎక్కిన మనుషులకి వాటాలు. ఒకే డబ్బుని ముగ్గురు పంచుకుంటే ఒక్కొక్కరికి ఎంత, నలుగురు పంచుకుంటే ఎంత అని అడిగితే ఆ పేటలో పిల్లలు తడుముకోరు. "నలుగురైతే తగ్గిపోద్ది టీచర్" అని ఆ పిల్లే చెప్పేది. అప్పుడు బోర్డు మీద ఉన్న 1/3, 1/4 వైపు వేలు చూపించి "మరి వీటిలో?" అని అడిగితే చాలు. రంగు కాగితం వృత్తాలు చెప్పలేకపోయిన సంగతిని వాటా అన్న ఒక్క మాట చెప్పేస్తుంది.

ట్రైనీకి ఏదో తేడా జరిగిందని అనిపించకపోలేదు. సాయంత్రం బస్సులో పక్కన కూర్చున్న స్నేహితురాలితో అంది: "ఆ పిల్ల మళ్లీ పీరియడ్ అయిపోయేదాకా చెయ్యెత్తలేదే. నేనేం చెప్పి ఉండాల్సింది?" మొత్తం 20 వారాల్లో అడగదగ్గ ప్రశ్న ఇది. ఫుల్లర్ చెప్పిన మూడో మెట్టు అంటే ఇదే. దాన్ని రాయడానికి, ట్రైనీలు కాలేజీకి చూపించే రికార్డు పుస్తకంలో గడి లేదు. రాస్తే తన తప్పు తాను ఒప్పుకున్నట్టు అవుతుందని, మార్కులు పోతాయని భయం కూడా ఉంటుంది. చాలా కాలేజీల్లో రిఫ్లెక్టివ్ జర్నల్ పేరుతో ఒక పుస్తకం రాయిస్తారు. అందులో కనిపించేవి "ఈ రోజు పాఠం విజయవంతంగా బోధించితిని, విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొనిరి" లాంటి వాక్యాలు. సీనియర్ల రికార్డు చూసి రాసినవే ఎక్కువ. ఆ పుస్తకంలో వారానికి ఒక్క పేజీ "ఈ వారం నాకు జవాబు దొరకని ప్రశ్న" అని పెట్టి, ఆ పేజీకి మార్కులు వేయకుండా కేవలం కూర్చుని మాట్లాడితే, పర్యవేక్షణ అన్న మాటకి అర్థం వస్తుంది.

ఇక్కడే ఇంకో చిన్న విషయం. ప్రశ్న అడిగాక టీచర్లు ఎంతసేపు ఆగుతారో అమెరికాలో మేరీ బడ్ రో అనే సైన్స్ విద్యా పరిశోధకురాలు 1970లలో టేపు రికార్డులు పెట్టి కొలిచారు. సగటున ఒక సెకను. ఆ వ్యవధిలో జవాబు రాకపోతే ఇంకొకరిని అడగడమో, తామే చెప్పేయడమో చేస్తున్నారు. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు నోరు విప్పారు, "తెలియదు" అనేవి తగ్గాయి. ఖర్చు లేని పని. అయినా కొత్త ట్రైనీకి అది ఎంత కష్టమో తరగతిలో నిలబడినవాళ్లకే తెలుసు. నలభై మంది చూస్తుండగా, వెనక సార్ కూర్చుని ఉండగా, మూడు సెకన్ల నిశ్శబ్దం మూడు నిమిషాల్లా ఉంటుంది. పాఠం మర్చిపోయిందనుకుంటారేమోనని భయం. ఆ నిశ్శబ్దం తప్పు కాదని, కావాలనే ఆగుతున్నామని పర్యవేక్షకుడు ముందే చెప్పి ఉంటే ఆ భయం ఉండదు.

బడి భాష, ఇంటి భాష

విశాఖలో పాఠం చెప్పబోయేవాళ్లు ఎక్కువగా అడిగే మరో ప్రశ్న భాష గురించి. ఏ మీడియంలో చెప్పాలి? ప్రభుత్వ బడి పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉంటాయి. తెలుగు మీడియంలో చదువుకుని వచ్చిన ట్రైనీలకు ఇంగ్లీషులో పాఠం చెప్పాలంటే వణుకు. బట్టీ పట్టిన నాలుగు వాక్యాలు చెప్పేసి, పిల్లవాడు సందేహం అడగ్గానే తెలుగులోకి వచ్చేస్తారు, వచ్చినందుకు తప్పు చేసినట్టు బాధపడతారు. బాధపడాల్సిన పనిలేదు. సందేహం తీరేది పిల్లవాడికి వచ్చిన భాషలోనే. అది తీరాక ఆ ముక్కకి ఇంగ్లీషు మాట అందించడం, ఆ మాటతో పిల్లవాడి చేత ఒక వాక్యం చెప్పించడం తర్వాతి పని.

రెండో చిక్కు తెలుగులోనే ఉంది. పిల్లవాడు గుమ్మం దగ్గర నిలబడి "వచ్చీసినాను టీచర్" అంటాడు. ఇంకొకడు "ఏటి టీచర్?" అంటాడు. వేరే జిల్లా నుంచి వచ్చిన ట్రైనీకి నవ్వొస్తుంది. ఇక్కడే పుట్టి పెరిగిన ట్రైనీ కూడా టీచరు కుర్చీ ఎక్కగానే "అలా కాదు, సరిగ్గా మాట్లాడు" అని సరిదిద్దుతుంది, తాను ఇంట్లో అదే మాట మాట్లాడుతున్నా సరే. లెక్క జవాబు చెప్పబోయిన పిల్లవాడు అక్కడితో ఆగిపోతాడు. ఏది సరిదిద్దారో, లెక్కనో మాటనో, వాడికి తెలియదు.

ఈ విషయంలో ఈ ప్రాంతానికి గర్వపడదగ్గ చరిత్ర ఉంది. 20వ శతాబ్దం మొదట్లో ఇక్కడ బడుల ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసిన జె.ఏ. యేట్స్ అనే ఇంగ్లీషు అధికారికి, పిల్లలు మాట్లాడే తెలుగుకీ పుస్తకంలో తెలుగుకీ ఇంత దూరం ఎందుకని సందేహం వచ్చింది. విశాఖ ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి ఆ సందేహాన్ని పట్టుకున్నారు. వ్యావహారిక భాషా ఉద్యమం అలా ఊపందుకుంది. గిడుగు స్వయంగా పర్లాకిమిడిలో బడిపంతులు. సవర పిల్లలకు చదువు చెప్పాలని ముందు తాను సవర భాష నేర్చుకున్నారు. పిల్లల భాష దగ్గరికి టీచరే వెళ్లాలని ఆయన చేసి చూపించారు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29న బడుల్లో తెలుగు భాషా దినోత్సవం జరుగుతుంది. ఆ రోజు వ్యాసరచన పోటీతో పాటు, మన బడిలో పిల్లలు ఇంట్లో ఏయే భాషలు, ఏయే యాసలు మాట్లాడతారో ట్రైనీల చేత ఒక జాబితా రాయిస్తే ఎంతో ఉపయోగం. గాజువాక వైపు బడుల్లో హిందీ, ఒడియా ఇంటి భాషగా ఉన్న పిల్లలూ ఉంటారు. మన్యం నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివే పిల్లలకు కువి ఇంటి భాష కావచ్చు. తరగతిలో మౌనంగా కూర్చున్న పిల్లవాడికి పాఠం రాదని ట్రైనీ రికార్డులో రాసే ముందు, పాఠం చెప్తున్న భాష వాడికి ఎంత వచ్చో చూడాలి.

స్టాఫ్‌రూంలో కుర్చీ

బడిలో ట్రైనీ స్థానం ఏమిటన్నది ఎవరూ స్పష్టంగా చెప్పరు. పిల్లలకు టీచర్, టీచర్లకు స్టూడెంట్. కొన్ని బడుల్లో స్టాఫ్‌రూంలో కుర్చీ వేస్తారు, టీ ఇస్తారు, తమ పాత లెసన్ ప్లాన్లు చూపిస్తారు. కొన్ని బడుల్లో సెలవు పెట్టిన టీచర్ల పీరియడ్లన్నీ నింపడానికి, యాప్‌లో ఫోటోలు ఎక్కించడానికి, పరీక్ష పేపర్ల మార్కులు కూడడానికి వాడుకుంటారు. టీచర్ల కొరత, మీద పడ్డ పనిభారం చూస్తే ఆ బడులను పూర్తిగా తప్పు పట్టలేం. కానీ ట్రైనీకి కావాల్సింది రోజుకి రెండు పీరియడ్లు చెప్పి, ఇంకో రెండు చూసి, మిగతా సమయం ఆలోచించుకోవడం. ఐదు పీరియడ్లు చెప్పి అలసిపోయిన మనిషి ఏమీ నేర్చుకోలేడు.

క్రమశిక్షణ గొడవ ఇక్కడే మొదలవుతుంది. అల్లరి ఆగడం లేదని చెప్తే "ఒకటి తగిలించండి మేడమ్, లేకపోతే వినరు" అని అనుభవమున్న టీచరే సలహా ఇస్తారు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించిందని ట్రైనీ అంతకుముందు సెమిస్టర్లోనే చదివి పరీక్ష రాసి ఉంటుంది. ఇప్పుడు ఎవరి మాట వినాలి? కాలేజీ "కొట్టకూడదు" అని చెప్పి ఊరుకుంటుంది. కొట్టకుండా మరేం చేయాలో చెప్పదు. చేయదగ్గవి ఉన్నాయి. మొదటి రెండు రోజుల్లోనే పిల్లల పేర్లు నేర్చుకోవడం వాటిలో అన్నిటికన్నా బలమైంది. "ఏయ్, నీలం చొక్కా" అని పిలిచే టీచరుకీ, పేరు పెట్టి పిలిచే టీచరుకీ గది ఒకేలా స్పందించదు. హాజరు పట్టీ అడిగి తీసుకుని కూర్చున్న వరసలో పేర్లు రాసుకుంటే ఒక్క సాయంత్రం పని. ఇంకోటి, బోర్డు దగ్గరే నిలబడిపోకుండా వెనక బెంచీల దాకా నడవడం. అల్లరి తరచుగా మొదలయ్యేది టీచరు కాలు పెట్టని మూలలోనే.

కోచింగా, ఇంటర్న్‌షిప్పా

ఇక అందరి మనసులో ఉండి కొందరే పైకి అనే ప్రశ్న: ఇంటర్న్‌షిప్ ఎగ్గొట్టి, ప్రభుత్వ టీచర్ల ఎంపిక పరీక్ష అయిన డీఎస్సీ కోచింగ్‌కి వెళ్లొచ్చా? ఆ ప్రశ్న వెనకున్న ఆత్రాన్ని అర్థం చేసుకోవాలి. 2025లో ప్రభుత్వం 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ఇచ్చింది. మళ్లీ అంత పెద్దది ఎప్పుడొస్తుందో అని చదువుతున్నవాళ్ల దిగులు. పైగా 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం బీఈడీతో ప్రైమరీ పోస్టులకు అర్హత లేదు. ఎస్జీటీ, అంటే ప్రైమరీ టీచరు, కావాలంటే డిప్లొమా కోర్సు అయిన డీఈఎల్‌ఈడీ చేయాలి. బీఈడీ వాళ్లకు పోటీ పడే దారి ఇరుకైంది. ఇంట్లో వయసు మీదపడుతోందన్న మాటలు, అప్పు తెచ్చి కట్టిన ఫీజు. ఇవన్నీ మోస్తున్న మనిషికి బడిలో గడిపే నాలుగు నెలలు వృథా అనిపిస్తే తప్పు ఆ ఒక్కరిదే కాదు. డబ్బు కడితే హాజరు వేసేసి, రికార్డులు కొనుక్కుని తెచ్చినా సంతకం పెట్టే కాలేజీలు ఆ ఆలోచనను ఇంకా పెంచుతున్నాయి. అలా పట్టా పుచ్చుకున్న మనిషి ముందు రేపు కూర్చునేది మన పిల్లలే.

పరీక్ష లెక్కలోనే చూసినా ఇది నష్టమే. టీచరు అర్హత పరీక్ష టెట్‌లో 150 మార్కులకు 30 మార్కులు శిశు వికాసం, పెడగాజీ (బోధనా శాస్త్రం) ప్రశ్నలవి. డీఎస్సీ ఎంపికలో టెట్‌కి 20 శాతం వెయిటేజీ ఉంది. పిల్లవాడు ఇలా తప్పు చేశాడు, టీచరుగా మీరేం చేస్తారు అన్న తరహా ప్రశ్నలు టెట్‌లోని ఆ భాగంలో వస్తాయి. మూడో బెంచీ పిల్లను చూసిన ట్రైనీకి ఆ ప్రశ్న గైడులో బట్టీ పట్టాల్సిన అవసరం రాదు. కోచింగ్ తప్పదనుకుంటే పొద్దున్నో సాయంత్రమో బ్యాచ్ చూసుకోవచ్చు, వారాంతాలు వాడుకోవచ్చు, ఇంటర్న్‌షిప్ అయ్యాక ఆరు నెలలు గట్టిగా కూర్చోవచ్చు. పోస్టింగ్ వచ్చాక మాత్రం, మారుమూల మండలంలో ఒక్క టీచరే ఉన్న బడిలో చేరితే, వెనక బెంచీలో కూర్చుని పాఠం చూసే మనిషి ఎవరూ ఉండరు. "ఆ పిల్ల ఎందుకు చెయ్యెత్తలేదు?" అని సాయంత్రం బస్సులో అడగడానికి పక్క సీట్లో స్నేహితురాలూ ఉండదు.